మారని విలువలతో వలయాన్ని కట్టడం: ఫంక్షనల్ భాషల్లో సర్క్యులర్ రిఫరెన్సులు

విజయనగరం జంక్షన్ నుంచి విశాఖపట్నం వైపు సాగే రైలు మార్గం కోరుకొండ, అలమండ దాటి కొత్తవలస చేరుతుంది. అక్కడ విడిపోయే కిరండూల్ మార్గం తూర్పు కనుమలెక్కి అరకు మీదుగా కోరాపుట్‌కు వెళ్తుంది. కోరాపుట్ నుంచి ఇంకొక మార్గం రాయగడకు వస్తుంది. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, గజపతినగరం మీదుగా వచ్చే పట్టాలు మళ్లీ విజయనగరంలోనే కలుస్తాయి. ఈ వలయాన్ని ఒక ప్రోగ్రాములో పెట్టాలంటే ప్రతి స్టేషన్‌కూ ఒక రికార్డు, ఆ రికార్డులో పొరుగు స్టేషన్ల రికార్డులు అనే ఏర్పాటు ఎవరికైనా ముందుగా తోస్తుంది. అప్పుడు విజయనగరం రికార్డులో కోరుకొండ ఉంటుంది, దానిలో అలమండ ఉంటుంది, అలా పోగా పోగా గజపతినగరం రికార్డులో మళ్లీ విజయనగరం ఉండాలి.

సి, జావా, పైథాన్ వంటి భాషల్లో ఈ పని రెండు అంచెల్లో జరిగిపోతుంది. మొదట అన్ని స్టేషన్లనూ ఖాళీ పొరుగు జాబితాలతో సృష్టిస్తారు, తరువాత ఒక్కొక్క జాబితాలో పొరుగు రికార్డుల చిరునామాలు నింపుతారు. శ్రీకాకుళం, రాజాం, టెక్కలి, విజయనగరం ఇంజనీరింగ్ కళాశాలల్లో డేటా స్ట్రక్చర్స్ చదివే విద్యార్థులు ప్రతి గడీ తన ముందు, వెనుక గడులు రెండింటినీ సూచించే డబుల్లీ లింక్డ్ లిస్టు రాయడంతోనే ఈ అలవాటులో పడతారు. వారే తరువాత హాస్కెల్, ఓకామెల్, ఎర్లాంగ్, ఎల్మ్ వంటి ఫంక్షనల్ భాషలకు వచ్చినప్పుడు రెండో అంచె కనిపించకుండా పోతుంది. ఈ భాషల్లో విలువ ఒకసారి ఏర్పడితే మామూలుగా మారదు. విజయనగరాన్ని కట్టాలంటే గజపతినగరం అప్పటికే ఉండాలి, గజపతినగరాన్ని కట్టాలంటే విజయనగరం అప్పటికే ఉండాలి. దేనిని ముందు కట్టాలన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం లేదు.

ఈ ఇబ్బందిని ఫంక్షనల్ భాషల లోపంగా చెప్పడం పరిపాటి. నిజానికి ఇది ఆ భాషలు తెలిసి చేసుకున్న ఎంపికకు ఫలితం. వలయం సమాచారంలో ఉన్నంత మాత్రాన మెమరీలోనూ పాయింటర్ల, అంటే ఇతర విలువలు ఎక్కడున్నాయో చెప్పే చిరునామాల, వలయంగా ఉండి తీరాలన్న నియమం లేదు. ఆ రెండింటినీ విడదీసి చూడటం వస్తే, చాలా సందర్భాల్లో పాయింటర్ల వలయం అసలు అవసరమే లేదని తేలుతుంది.

విలువల పుట్టుక క్రమం

నాగావళి విషయంలో ఈ చిక్కు రాదు. వేగావతి, సువర్ణముఖి నదులు వంగర మండలంలోని సంగాం దగ్గర నాగావళిలో కలుస్తాయి, నాగావళి శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. ప్రతి నదీ భాగానికీ దాని దిగువ భాగం ఏదో చెప్పే ఒక్క రిఫరెన్స్ చాలు. ముందుగా సముద్రాన్ని కట్టి, దానిని సూచిస్తూ కళ్లేపల్లి పాయను, దానిని సూచిస్తూ సంగాం దిగువ భాగాన్ని, చివరగా మూడు ఎగువ పాయలను కట్టవచ్చు. ఏ విలువకైనా తనకంటే ముందు పుట్టిన విలువలను సూచించే అవకాశమే ఉంటుంది కనుక, అవసరమైనప్పుడే లెక్కించే పద్ధతి లేని శుద్ధ ఫంక్షనల్ భాషలో పాయింటర్లన్నీ కొత్త విలువల నుంచి పాత విలువల వైపే వెళ్తాయి. కాలంలో వెనక్కి మాత్రమే చూసే బాణాలతో వలయం ఏర్పడదు. రైలు మార్గం సంగతి వేరు. పెద్ద వలయం వరకూ పోనక్కరలేదు, విజయనగరానికి నెల్లిమర్ల పొరుగు, నెల్లిమర్లకు విజయనగరం పొరుగు అనగానే రెండు స్టేషన్ల మధ్యే వలయం వచ్చేసింది.

ఈ కట్టుబాటు వల్ల కలిగే లాభాన్ని మెమరీ నిర్వహణలో స్పష్టంగా చూడవచ్చు. ఒక విలువను ఎందరు సూచిస్తున్నారో లెక్కపెట్టి, ఆ లెక్క సున్నాకు చేరగానే దాని స్థలాన్ని విడుదల చేసే రిఫరెన్స్ కౌంటింగ్ పద్ధతిని 1960లో జార్జ్ కాలిన్స్ ప్రతిపాదించారు. ఒకదానినొకటి సూచించుకునే విలువల విషయంలో ఈ లెక్క ఎప్పటికీ సున్నాకు రాదని, ప్రోగ్రాములో ఎవరికీ అవసరం లేకపోయినా అవి మెమరీలో మిగిలిపోతాయని 1963లో మెక్‌బెత్ ఎత్తిచూపారు. అందుకే పైథాన్‌లో వలయాలను వెతకడానికి, అక్కరలేని మెమరీని ఏరివేసే ఇంకొక గార్బేజ్ కలెక్టర్‌ను నడపాల్సి వచ్చింది, స్విఫ్ట్‌లో ఆ లెక్కలోకి రాని వీక్ రిఫరెన్సులను ప్రోగ్రామరే గుర్తు పెట్టుకుని రాయాల్సి వచ్చింది. వలయాలే పుట్టని భాషలో ఈ బాధ ఉండదు. లీన్ 4, కోకా వంటి భాషలు తమ మారని విలువలకు రిఫరెన్స్ కౌంటింగ్‌నే ధైర్యంగా వాడుకుంటున్నాయి. అంతేకాదు, లెక్క ఒకటే ఉన్న విలువను ఇంకెవరూ చూడటం లేదు కనుక, దానికి కొత్త నకలు తీయకుండా అదే స్థలాన్ని తిరిగి వాడుకునే మెరుగుదల కూడా ఈ భాషల్లో సాధ్యమైంది. ఎర్లాంగ్ రూపకర్తలైన జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్ 1995లో ప్రచురించిన పత్రంలో, పాయింటర్లన్నీ పాతవాటి వైపే వెళ్తాయన్న ఒక్క ఆధారం మీద మెమరీని ఒకే ఒక్కసారి చదివి శుభ్రం చేసే పద్ధతిని వివరించారు.

మెమరీ సంగతి అటుంచినా, వలయం లేని విలువను ముద్రించవచ్చు, ఇంకొక విలువతో పోల్చవచ్చు, ఇంకొక యంత్రానికి పంపవచ్చు, ఫైలులో దాచవచ్చు. ఈ పనులన్నీ ఏదో ఒక క్షణంలో ముగుస్తాయన్న హామీ ఉంటుంది. వలయం అడుగుపెట్టగానే ఆ హామీ పోతుంది.

అవసరమైనప్పుడే లెక్కించే పద్ధతి

హాస్కెల్ ఈ కట్టుబాటును ఒక మేరకు సడలించింది. జాబితాను కట్టేటప్పుడు దాని భాగాలను వెంటనే లెక్కించనక్కరలేదన్న ఆలోచనను 1976లోనే ఒకవైపు ఫ్రైడ్‌మన్, వైజ్, మరోవైపు హెండర్సన్, మోరిస్ ముందుకు తెచ్చారు. 1990లో తొలి నివేదికతో బయటికి వచ్చిన హాస్కెల్‌కు ఈ లేజీ పద్ధతే పునాది అయింది. ఈ భాషలో ‘ఒకట్లు = 1 : ఒకట్లు’ అని రాయవచ్చు. అంటే ఒకట్లు అనే జాబితాకు తల (మొదటి అంశం) 1, తోక (మిగతా భాగం) ఆ జాబితాయే. మెమరీలో దీనికి ఒకే ఒక్క గడి ఉంటుంది, దాని తోక పాయింటరు తిరిగి అదే గడికి చేరుతుంది. చూసేవారికి అంతులేని జాబితా, యంత్రానికి ఒక్క గడి.

ఇది ఎలా సాధ్యమైందో కాస్త నెమ్మదిగా చూడాలి. లేజీ భాషలో ఒక రికార్డును కట్టినప్పుడు దాని గదుల్లో విలువలకు బదులు, ఆ విలువను ఎలా లెక్కించాలో చెప్పే చిన్న వాగ్దానాలు ఉంటాయి. వీటిని థంకులు అంటారు. విజయనగరం రికార్డులో ‘తరువాతి స్టేషన్’ గదిలో కోరుకొండ విలువకు బదులు ‘కోరుకొండ అనే పేరుకు కట్టిన విలువను అడిగినప్పుడు తెచ్చి ఇవ్వు’ అన్న థంకు ఉంటుంది. విజయనగరాన్ని కట్టేటప్పుడు కోరుకొండ ఇంకా పుట్టకపోయినా ఫర్వాలేదు, దాని పేరు పుట్టి ఉంటే చాలు. ఆ గదిని ఎవరైనా మొదటిసారి చదివినప్పుడు థంకు లెక్కకు వస్తుంది, వచ్చిన జవాబు థంకు స్థానంలోనే రాయబడుతుంది. మార్పు లేని భాష అని చెప్పుకునే చోట మెమరీలో రహస్యంగా జరిగే ఈ ఒక్క మార్పే వలయాన్ని మూసివేస్తుంది. జావాలో ప్రోగ్రామర్ చేత్తో చేసిన రెండో అంచెను ఇక్కడ భాష నడిపే యంత్రాంగం తానే చేస్తోంది. ప్రోగ్రామరుకు ఇచ్చిన మాట తప్పలేదు, ఎందుకంటే థంకుకూ దాని జవాబుకూ మధ్య తేడా ప్రోగ్రాము లోపలి నుంచి కనిపించదు. ఈ ఒడుపును హాస్కెల్ ప్రోగ్రామర్లు ముడి వేయడం అంటారు.

ముడి వేయడంలోని అందాన్ని 1984లో రిచర్డ్ బర్డ్ ఒక ఉదాహరణతో చూపారు. ఒక చెట్టు ఆకుల్లో అంకెలున్నాయి, అన్ని ఆకుల్లోనూ వాటిలోని అతి చిన్న అంకెను రాసిన కొత్త చెట్టు కావాలి. మామూలుగా చెట్టును రెండుసార్లు తిరగాలి, కనిష్ఠాన్ని కనుక్కోవడానికి ఒకసారి, కొత్త చెట్టు కట్టడానికి మరొకసారి. బర్డ్ పద్ధతిలో ఒకే తిరుగుడు సరిపోతుంది. తిరిగే ఫంక్షన్ కనిష్ఠాన్నీ, కొత్త చెట్టునూ జతగా ఇస్తుంది, ఆ కనిష్ఠాన్నే మళ్లీ ఆ ఫంక్షన్‌కు ఇన్‌పుట్‌గా ఇస్తారు. ఫంక్షన్ నడుస్తున్నప్పుడు కనిష్ఠం ఎంతో ఇంకా తెలియదు, కొత్త ఆకుల్లో దాని థంకు మాత్రమే ఉంటుంది. నడక ముగిసేసరికి అంకె తెలుస్తుంది, ఆకులన్నీ ఒకే విలువను చూస్తాయి.

అయితే ప్రతి వలయమూ ఇలా ఫలించదు. ఒకట్ల జాబితా పనిచేయడానికి కారణం తల అనే ఒక భాగం ముందుగా తెలియడం, అంటే తనను తాను అడిగే లోపు కొంత సమాచారం చేతికి రావడం. అంకెల్లో అలాంటి మధ్య భాగం ఉండదు. పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకరు మధ్యవర్తికి రెండు శాతం కమీషన్ ఇస్తున్నారనుకుందాం, అయితే ఆ రెండు శాతాన్ని కమీషన్ పోగా మిగిలిన సొమ్ము మీద కట్టాలన్నది ఒప్పందం. మొత్తం 1,02,000 రూపాయలు. మిగులు తెలియాలంటే కమీషన్ తెలియాలి, కమీషన్ తెలియాలంటే మిగులు తెలియాలి. ఈ రెండు సమీకరణాలను హాస్కెల్‌లో ఉన్నవి ఉన్నట్టు రాస్తే, కూడికకూ తీసివేతకూ అంకెలు పూర్తిగా తెలిసి ఉండాలి కనుక, థంకు తన జవాబు కోసం తననే అడుగుతుంది. హాస్కెల్ కోడును యంత్రానికి తగిన రూపంలోకి మార్చే జీహెచ్‌సీ కంపైలర్‌తో కట్టిన ప్రోగ్రాము అనేకసార్లు దీనిని గుర్తించి ‘లూప్’ అన్న సందేశంతో ఆగిపోతుంది, అన్నిసార్లూ గుర్తిస్తుందన్న హామీ మాత్రం లేదు.

ఇదే లెక్కను ఎక్సెల్‌లో రాస్తే సర్క్యులర్ రిఫరెన్స్ ఉందన్న హెచ్చరిక వస్తుంది. స్ప్రెడ్‌షీటు కూడా ఒక ఫంక్షనల్ భాషేనని తలచుకుంటే ఇందులో వింత లేదు, గడిలోని సూత్రం ఇతర గడుల విలువల మీద మాత్రమే ఆధారపడుతుంది. ఎక్సెల్‌లో పదేపదే లెక్కించే సదుపాయాన్ని అనుమతిస్తే, మామూలు అమరికలో గరిష్ఠంగా 100 సార్లు లేదా మార్పు 0.001 కంటే తగ్గే వరకు లెక్కను తిప్పుతుంది. కమీషన్ సున్నా అనుకుని మొదలుపెడితే మొదటి చుట్టులో 2,040, తరువాత 1,999.20, ఆ తరువాత 2,000.016 వస్తాయి. పొరపాటు ప్రతి చుట్టులోనూ యాభయ్యో వంతుకు తగ్గుతూ 2,000 దగ్గర కుదురుకుంటుంది. ఇక్కడ శాతం చిన్నది కాబట్టి కుదిరింది, ఆ గుణకం (ఇక్కడ 0.02) ఒకటి దాటితే ప్రతి చుట్టులోనూ పొరపాటు పెరుగుతూ పోతుంది. మొత్తాన్ని 102తో భాగించి 2తో గుణిస్తే జవాబు ఒక్క అడుగులో వస్తుంది, వలయం మాయమవుతుంది. అంకెల మధ్య వలయం కనిపించినప్పుడు ముందుగా ఆ సమీకరణాన్ని విడదీయగలమా అని చూడటమే సరైన పని. అది కుదరనప్పుడే చుట్టు తిప్పే ఫంక్షన్ రాయాలి, ఎక్కడ ఆగాలో దానికి స్పష్టంగా చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను కట్టడానికి పనికొచ్చే నిక్స్ వాడేవారికి ఈ తేడా బాగా పరిచయం. అదీ లేజీ భాషే. ఒక ప్యాకేజీ సమూహం తన చివరి రూపాన్ని తానే సూచించుకునే ఏర్పాటు మీదే ఓవర్‌లేలన్నీ, అంటే ఆ సమూహం మీద పొరలుగా వేసే మార్పులన్నీ, నడుస్తాయి. పేర్ల పట్టికను నిర్ణయించడానికే చివరి రూపాన్ని అడిగితే మాత్రం అంతులేని పునరావృతి ఎదురైందన్న దోషంతో లెక్క నిలిచిపోతుంది.

ముడి వేశాక వచ్చే చిక్కులు

ముడివేసిన రైలు మార్గాన్ని చదవడం హాయిగా ఉంటుంది. ఏ స్టేషన్ నుంచైనా పొరుగుకు ఒక్క పాయింటరు దూరం. దానిని ముద్రించబోతే, మామూలుగా కంపైలరే తయారుచేసి ఇచ్చే ముద్రణ ఫంక్షన్ విజయనగరం, కోరుకొండ, అలమండ అంటూ మొదలై ఎన్నటికీ ఆగదు. రెండు పటాలు సమానమా అని అడిగినా, అవి సమానమైతే జవాబు రాదు. తరువాతి స్టేషన్ గదిని స్ట్రిక్ట్‌గా, అంటే వెంటనే లెక్కించి తీరాలని, ప్రకటిస్తే ముడి పడక ముందే లెక్క తనలో తాను చిక్కుకుంటుంది. అసలైన ఇబ్బంది మార్పు దగ్గర వస్తుంది. బొబ్బిలిలో ఒక ప్లాట్‌ఫారం పెరిగిందనుకుందాం. పాత రికార్డు మారదు కనుక కొత్త బొబ్బిలి రికార్డు కట్టాలి. కానీ పార్వతీపురం వైపు నుంచి వచ్చే బాణం పాత బొబ్బిలి వైపే చూస్తోంది, కనుక దానిని కూడా కొత్తగా కట్టాలి, దానిని చూసేవారిని కూడా కట్టాలి, చివరకు వలయం మొత్తాన్ని, వలయానికి తగిలిన హౌరా మార్గాన్నీ, సాలూరు శాఖనూ కూడా తిరిగి కట్టాలి. ఎక్కడైనా ఒక్క బాణం పాత పటంలోకి జారితే ప్రోగ్రాము ఏ దోషమూ చూపకుండా పాత ప్లాట్‌ఫారం లెక్కనే చెబుతూ పోతుంది. మారని విలువల భాషల్లో ఇంత కష్టపడి పట్టుకోవాల్సిన పొరపాట్లు ఎక్కువ లేవు.

వలయం చుట్టూ తిరిగే ఫంక్షన్‌కు, తాను బయలుదేరిన స్టేషన్‌కే తిరిగి వచ్చానని తెలియాలి. శుద్ధ భాషలో రెండు పాయింటర్లు ఒకే చిరునామాను చూస్తున్నాయా అని అడిగే వీలు లేదు. అలా అడగనిస్తే, విలువల్లో ఏ తేడా లేకపోయినా జవాబులు వేరుగా వచ్చే ప్రోగ్రాములు పుడతాయి. కాబట్టి స్టేషన్‌కు ఒక పేరో సంఖ్యో ఇచ్చి, చూసిన పేర్లను ఒక సమితిలో దాచుకోవాలి. అంటే పేర్లు వద్దనుకుని పాయింటర్లతో ముడివేసినా, ఆ వలయంలో సురక్షితంగా నడవడానికి మళ్లీ పేర్లే కావాలి. ముడి మీద ఉన్న మోజును సగానికి తగ్గించాల్సిన విషయం ఇది.

పేర్ల పట్టిక

రైల్వే వ్యవస్థ తన కాగితాల్లో ఒక స్టేషన్‌ను మరో స్టేషన్ లోపల ఇరికించదు. విజయనగరం అంటే వీజెడ్ఎం, శ్రీకాకుళం రోడ్ అంటే సీహెచ్ఈ, బొబ్బిలి అంటే వీబీఎల్, కొత్తవలస అంటే కేటీవీ. ఒక పట్టికలో ప్రతి కోడ్‌కూ ఒక రికార్డు, ఆ రికార్డులో పొరుగు స్టేషన్ల కోడ్‌లు మాత్రమే ఉంటే, మెమరీలో పాయింటర్ల వలయం ఎక్కడా ఉండదు. వలయం కోడ్‌ల మధ్య ఉంటుంది, దానిని ముద్రించవచ్చు, పోల్చవచ్చు, పంపవచ్చు. ఫంక్షనల్ భాషలో సమాచారం మారే అవకాశం ఉన్న ప్రతి చోటా మొదటగా ఎంచుకోవలసిన పద్ధతి ఇదేనని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

బొబ్బిలి రికార్డును మార్చడం ఇప్పుడు ఒక్క నమోదును మార్చడమే. వెయ్యి స్టేషన్లున్న పట్టికను సమతుల్య ద్విశాఖ వృక్షంగా ఉంచితే, వేరు నుంచి ఆ నమోదు వరకు దారిలో ఉన్న సుమారు పది పన్నెండు కణుపులు కొత్తగా ఏర్పడతాయి, మిగిలిన వృక్షాన్ని పాత పట్టికా కొత్త పట్టికా పంచుకుంటాయి. క్లోజర్ భాషలో ఒక్కో కణుపుకు 32 కొమ్మల వరకు ఉండటం వల్ల ఆ దారి రెండు మూడు అంచెలకే ముగుస్తుంది. పాత పట్టిక చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక నిన్నటి పటాన్నీ నేటి పటాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. పొరుగుకు వెళ్లాలంటే ప్రతిసారీ పట్టికలో వెతకాలి. కోడ్ ఉన్నా దానికి నమోదు లేకపోవచ్చు. పాయింటరుకు ఈ అవకాశం లేదు, కోడ్‌కు ఉంది. అందుకే వెతికే ఫంక్షన్ ‘ఉంటే ఇది, లేకపోతే ఏమీ లేదు’ అన్న రకం (టైపు) విలువను ఇస్తుంది, ఆ రెండో సందర్భాన్ని ఎక్కడ పరిష్కరించాలో ముందే నిర్ణయించుకోవాలి. పట్టిక తయారైన వెంటనే అన్ని పొరుగు కోడ్‌లకూ నమోదులున్నాయా అని ఒకసారి పరీక్షించి, ఆ పరీక్ష నెగ్గిన పట్టికకే వేరొక రకం ఇచ్చి, మిగిలిన ప్రోగ్రాము ఆ రకాన్నే తీసుకునేలా చేయడం మంచి క్రమశిక్షణ. ఇంకొక విషయాన్ని చాలామంది మరచిపోతారు. ఎవరూ సూచించని నమోదు కూడా పట్టికలో ఉన్నంతకాలం గార్బేజ్ కలెక్టర్ దానిని ముట్టుకోదు. పాయింటర్ల వలయం తప్పినా, అక్కరలేని నమోదులను తొలగించే బాధ్యత ప్రోగ్రామర్ మీదికి వస్తుంది.

స్టేషన్లూ వాటి మధ్య లింకులూ కలిసిన ఇలాంటి అల్లికను గ్రాఫ్ అంటారు. గ్రాఫ్ అల్గారిథమ్‌లు ఈ రూపం మీద చక్కగా నడుస్తాయి. ఒకదాని నుంచి ఒకటి చేరుకోగల స్టేషన్ల గుంపులను కనుక్కునే టార్జాన్ పద్ధతి 1972 నాటిది. ఒక దారిని చివరి వరకు పోయి చూశాకే వెనక్కి వచ్చి మరో దారి పట్టే అటువంటి నడకలను హాస్కెల్‌లో శుభ్రంగా ఎలా రాయవచ్చో 1995లో కింగ్, లాంచ్‌బరీ చూపారు. చూసిన సమితిని చేతిలో పట్టుకుని నడిచే బదులు, పట్టిక నుంచి ఒక స్టేషన్‌ను దాని పొరుగులతో సహా విడదీసి, మిగిలిన గ్రాఫ్‌ను వేరుగా ఇచ్చే పద్ధతిని 2001లో మార్టిన్ ఎర్విగ్ వివరించారు. ఒకసారి విడదీసిన స్టేషన్ మిగిలిన గ్రాఫ్‌లో ఉండదు కనుక తిరిగి దానిలోకి వెళ్లే ప్రసక్తే రాదు. జాబితా మీద తల, తోక అంటూ సాగే ఫంక్షనల్ ఆలోచనను గ్రాఫ్ మీదికి ఇంత సహజంగా తెచ్చిన పద్ధతి ఇంకొకటి చెప్పడం కష్టం.

పైకి చూసే బాణాలు

వలయాల్లో చాలా భాగం నిజమైన వలయాలు కావు. జిల్లాకు మండలాలు, మండలానికి గ్రామాలు అన్నది మామూలు చెట్టు. గ్రామం నుంచి తన మండలానికి, మండలం నుంచి తన జిల్లాకు తిరుగు బాణం ఉంటే బాగుంటుందనుకోగానే చెట్టు కాస్తా వలయాల పొదగా మారుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చాయి, పాలకొండ, సీతంపేట వంటివి కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. రెండు వైపులా బాణాలు దాచిన ప్రోగ్రాములో రాజాం కదిలిన రోజున శ్రీకాకుళం జాబితా, విజయనగరం జాబితా, రాజాం రికార్డు అనే మూడు చోట్ల మార్పు జరగాలి. అందులో ఒకటి తప్పినా రాజాం తనది విజయనగరమంటుంది, శ్రీకాకుళం తనదేనంటుంది. ఒకే నిజాన్ని రెండు చోట్ల దాచడమే ఇక్కడి దోషం. వలయం దానికి పైకి కనిపించే గుర్తు. మండలానికి జిల్లా పేరును ఒక్కచోట రాసి, ‘ఈ జిల్లాలోని మండలాలు’ అన్న తిరుగు పట్టికను అవసరమైనప్పుడు దాని నుంచి లెక్కించుకుంటే, రెండు జవాబులు వేరుపడే మార్గమే ఉండదు.

చెట్టులో తిరుగుతూ మార్పులు చేయడానికి తిరుగు బాణం కావాలనుకునేవారికి 1997లో జెరార్ యుయె వివరించిన జిప్పర్ ఉంది. ప్రస్తుతం నిలబడిన గ్రామాన్నీ, అక్కడికి వచ్చిన దారినీ జతగా పట్టుకోవాలి. దారిలోని ప్రతి మెట్టు దగ్గర వదిలేసి వచ్చిన ఎడమ, కుడి పక్కల భాగాలు ఉంటాయి. పైకి వెళ్లాలంటే దారిలోని చివరి మెట్టును తీసి, చేతిలోని భాగాన్ని దాని మధ్యలో పెట్టి కడితే తల్లి కణుపు తిరిగి ఏర్పడుతుంది. పిల్ల లోపల తల్లి లేదు, నడిచేవారి చేతిలో దారి ఉంది. ఎడిటర్లలో కర్సర్ కదలికకూ, వాక్య నిర్మాణ వృక్షాల్లో మార్పులకూ ఈ పద్ధతి ఎంతో అనువైనది.

మారే గడులు, మాడ్యూళ్లు

స్ట్రిక్ట్ భాష అయినా ఓకామెల్‌లో తనను తాను సూచించుకునే పేరును అనుమతించే ‘లెట్ రెక్’ ద్వారా ఒకట్ల జాబితాను కట్టవచ్చు, కుడివైపున నిర్మాణమే తప్ప లెక్క ఉండకూడదన్న షరతు మాత్రం ఉంది. ఆ జాబితా పొడవును అడిగితే జవాబు రాదు, రెండు అలాంటి జాబితాలను నిర్మాణ సమానతతో, అంటే లోపలి భాగాలను ఒక్కొక్కటిగా సరిచూస్తూ, పోల్చినా అంతే. స్కీమ్ భాష ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త పడింది. 2013 నాటి ఆర్7ఆర్ఎస్ ప్రమాణం వలయాలున్న జతలను పోల్చినా ఫంక్షన్ ముగిసి తీరాలని నియమించింది, ముద్రించేటప్పుడు వలయం మొదలైన గడికి ఒక సంఖ్యను కట్టి, తిరిగి అక్కడికే చేరినప్పుడు ఆ సంఖ్యనే రాయమంది.

ఓకామెల్‌లోని మారే రెఫ్ గడి, క్లోజర్‌లోని ఆటమ్ వంటివి చివరి సాధనాలు. టైపులను ఊహించే కంపైలర్‌లో తెలియని టైపుకు ఒక మారే గడిని పెట్టి, తెలిసినప్పుడు నింపడం సర్వసాధారణం, అక్కడ వేగం అవసరం. అక్కడ కూడా గడిని నింపే ముందు, నింపబోయే టైపు లోపల అదే గడి దాగి లేదని పరీక్షిస్తారు. తనను తానే ఇన్‌పుట్‌గా తీసుకునే ఫంక్షన్‌ను రాస్తే హాస్కెల్ ‘అంతులేని టైపు’ అని తిరస్కరించడం ఆ పరీక్ష ఫలితమే. ఇలా గడులు ప్రోగ్రాములో విడిగా ఉండే ఒక భాగం (మాడ్యూలు) లోపలే పుట్టి, పని అయ్యాక మారని జవాబును మాత్రమే బయటికి పంపితే, మిగిలిన ప్రోగ్రాముకు వాటి ఉనికి తెలియనక్కరలేదు.

ఫైళ్ల మధ్య వలయాలను ఈ భాషలు ఇంకా కఠినంగా చూస్తాయి. ఓకామెల్, ఎల్మ్ భాషల్లో రెండు ఫైళ్లు ఒకదానినొకటి కోరుకోవడం కుదరదు. ఎఫ్‌షార్ప్‌లో ఫైళ్ల వరుస కూడా ముఖ్యమే, ఒకే ఫైలులో పరస్పర సూచనలను అనుమతించే మాడ్యూలు సదుపాయం 2017లో 4.1 వెర్షన్‌తో వచ్చింది. హాస్కెల్‌లో జీహెచ్‌సీ పేర్లనూ టైపులనూ మాత్రమే ముందుగా ప్రకటించే ఒక ఫైలుతో దీనిని అనుమతిస్తుంది, కానీ ఆ ఫైలు అవసరమైన చాలా చోట్ల రెండు మాడ్యూళ్లకూ ఉమ్మడిగా కావలసిన టైపులను మూడో మాడ్యూలులోకి తీస్తే చిక్కు విడిపోతుంది.

వేగం కోసం ముడి, మార్పు కోసం పట్టిక రెండూ కావలసిన ప్రోగ్రాములూ ఉంటాయి. వాటిలో కోడ్‌ల పట్టికనే అసలు సమాచారంగా ఉంచి, ముడివేసిన రూపాన్ని దాని నుంచి లెక్కించాలి. ఫైలు నుంచి చదివేది పట్టికలోకి, మార్పులు పట్టికలోకి, ముద్రణా పోలికా పట్టిక మీద, దారి వెతికే పని మాత్రం ముడి మీద. పట్టిక మారగానే పాత ముడిని పూర్తిగా వదిలేసి కొత్తదానిని కట్టాలి. లేజీ భాషలో ఆ కొత్త ముడిలో అడిగిన స్టేషన్లకే థంకులు లెక్కకు వస్తాయి. విజయనగరం నుంచి బొబ్బిలికి దారి అడిగినప్పుడు గజపతినగరం వైపు వెతుకుతూ పోయిన నడక గమ్యం దగ్గరే ఆగిపోతే, అరకు కొండల మీది స్టేషన్లలో చాలావాటి థంకులు ముట్టుకోకుండానే ఉండిపోతాయి.